పిందెల మేడం

భూపాలపల్లి బస్టాండుకు ఎదురుగా కూరగాయలు అమ్మే అవ్వ ఒకామె ఉంది. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆమె గోనెపట్టా మీద బెండకాయల పక్కన బుడమకాయల కుప్పలు కనిపిస్తాయి. మొన్న కాలేజీ నుంచి వస్తూ అటుగా నడిచాను. సగం దోసపండు, సగం పులిసిన మజ్జిగ, అడుగున కాస్త చేదు కలిసిన ఆ వాసన తగలగానే నా చూపుడువేలి కొస చిమచిమలాడింది. బుడమకాయలు పొద్దంతా కోసినవాళ్లకే తెలుస్తుంది ఆ చిమచిమ. ముక్కు కంటే ముందు వేలు గుర్తుపట్టిందన్నమాట. "ఏం మేడమ్, ఒక కుప్ప కట్టియ్యాల్నా?" అంది అవ్వ. నేను వెనక్కి తిరిగి చూశాను. ఈ ఊళ్లో పాఠాలు చెప్పబట్టి ఏళ్లవుతోంది, పిల్లలు రోజంతా నన్ను అలాగే పిలుస్తారు, అయినా ఎవరైనా మేడమ్ అంటే నా తల వెనక్కే తిరుగుతుంది. నాకు తెలిసిన మేడం ఒక్కరే. ఆమె వసుంధర మేడం.

ఆమెను చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మనిషి పొడుగు. నూలు చీర, కుచ్చిళ్లు ఎప్పుడూ ఒక పిసరు పైకి దోపుకుని ఉండేవి, ఏ క్షణంలోనైనా చేలోకి దిగాల్సి వస్తుందన్నట్టు. ఊరు జనగామ పక్కన. బాగా భూములున్న ఇల్లు, అన్న వ్యవసాయం చూసుకునేవాడు. ఈమె మాత్రం రోజూ పొద్దున జనగామలో పాసింజరు ఎక్కి, మానుకోట డిగ్రీ కాలేజీకి వచ్చి వృక్షశాస్త్రం చెప్పేది. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. రైల్లో ఆమె ఎక్కే పెట్టె అందరికీ తెలుసు. పల్లీలమ్మే అతను మొదలు టికెట్ కలెక్టరు దాకా అందరితో ఆమెకు ఒక తగాదా నడుస్తూ ఉండేది, అందరికీ ఆమె టిఫిను డబ్బాలో వాటా ఉండేది. నవ్వితే పక్క పెట్టెలోకి వినిపించేది. నాకు ఇప్పటికీ అంత గట్టిగా నవ్వడం రాలేదు, ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నేను నెల్లికుదురు పక్క తండాలో పుట్టాను. ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు, ఎమ్మెస్సీలో ఇంగ్లీషు. మూడు భాషలున్నాయి కదా అని మురిసిపోనక్కర్లేదు, మూడింటిలోనూ నాకు భయమే. మేడం దగ్గర ప్రాజెక్టులో పని ఉందని తెలిసి ఇంటర్వ్యూకు పోయినప్పుడు, ప్రోటియేజ్ అంటే ఏమిటో నాలుగు పుస్తకాల్లో ఉన్నది బట్టీపట్టి పోయాను. ఆమె నా సర్టిఫికెట్ల వంక చూడనైనా చూడలేదు.

"కూసో బిడ్డా. బుడంకాయ ఎరికేనా?"

"ఎరికే" అనేసి నాలిక కరుచుకున్నాను. "అంటే... తెలుసండీ."

"మొదలన్నదే మంచిగున్నది, గదే ఉంచు. మీ ఇంట్ల బుడంకాయ ఏం జేస్తరు?"

"కోసి ఎండబెట్టి ఒరుగులు దాస్తం మేడం. ముసలి మేక కూర ఎంతకీ ఉడకకుంటే మా యాడి రెండు ఒరుగులేస్తది. మెత్తగైతది." యాడి అంటే మా భాషలో అమ్మ.

మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏందీ? మళ్లొకసారి చెప్పు. మా జనగామ దిక్కు పప్పుల ఏస్తం, తొక్కు పెడతం. కూర మెత్తగ జేస్తదని గిప్పుడే ఇంటున్న. మాంసాన్ని మెత్తగ జేసే గుణం దోసజాతిల ఉంటదని పుస్తకాలు చెప్తున్నయి గని, మన చేన్ల దాంట్ల ఉన్నదో లేదోనని నేను పరేషానైతున్న!" ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడం మరిచిపోయి నేరుగా గోరుచిక్కుడు కూర, జొన్నరొట్టె పెట్టింది. తినేశాక నేనే అడిగి తెలుసుకున్నాను.

బుడమకాయ చూడనివాళ్లకు: అది పత్తి చేలల్లో, మక్క చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే తీగ. నిమ్మకాయంత కాయ, ఒంటి మీద పచ్చచారలు. పిందె నోట పెట్టలేనంత చేదు, పండితే పులుపూ కమ్మదనమూ కలిసిన రుచి. కలుపు తీసేటప్పుడు తీగను పీకి గట్టు మీద పడేస్తారు. ఆ కాయలో ప్రోటియేజ్ అనే పదార్థం ఉంది. మేడం దాన్ని కత్తెర అనేది. మాంసమైనా, పాలైనా, గుడ్డకంటిన రక్తపు మరకైనా లోపల ఉండేది ప్రోటీనే, పొడుగాటి దండ లాంటిది. ఈ కత్తెర ఆ దండను ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తుంది. అందుకే సబ్బుపొడి చేసేవాళ్లకు, తోళ్ల మీది వెంట్రుకలు తీసేవాళ్లకు, రొట్టెలు చేసేవాళ్లకు ఇలాంటి కత్తెరలు కావాలి. కానీ ఫ్యాక్టరీకి సరిపడా కత్తెర కోసం ఎన్ని చేలల్లో ఎన్ని కాయలు ఏరాలి? అందుకని కత్తెర ఎలా చేయాలో కాయకు చెప్పే జీను ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని ఈస్టు కణంలో పెడితే, ఏడాది పొడుగునా తొట్టెల్లో కత్తెరలే కత్తెరలు. అదీ మా పని. చెప్పుకుంటే ఇంతే. చేయడానికే మా ఇద్దరి ప్రాణాలూ పోయాయి.

మొదట కాయలో కత్తెర ఉందని తేల్చాలి. దానికి ఖరీదైన యంత్రాలేవీ లేవు మా దగ్గర. మేడం ఒకరోజు మానుకోట దవాఖానకు పోయి, ఎవరికీ అక్కర్లేని పాత ఎక్స్‌రే ఫిల్ములు ఒక సంచీ నిండా అడిగి తెచ్చింది. ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి పూత ఉంటుంది కదా, దాన్ని పట్టి ఉంచేది జెలటిన్, అదీ ప్రోటీనే. కాయ రసం ఒక చుక్క, కత్తెర మొద్దుబారేలా మరగబెట్టిన రసం ఒక చుక్క పక్కపక్కన వేసి ఫిల్మును తడిగుడ్డ కింద పెట్టాం. మేడం కూనిరాగం తీస్తూ గదిలో తిరుగుతోంది. నేను తడిగుడ్డ ఎత్తి ఎత్తి చూస్తున్నాను. "అన్నం ఉడుకుతున్నప్పుడు మూత ఊకె తీస్తరా?" అని కసిరింది. చివరికి నీళ్లతో కడిగి కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే, ఎవరివో పక్కటెముకల నడుమ నలుపులో గుండ్రంగా ఒక తెల్లటి మచ్చ, అందులోంచి కాలేజీ వేపచెట్టు కనిపించింది. మరగబెట్టిన చుక్క కింద నలుపు నలుపుగానే ఉంది. మేడం నా భుజం మీద గట్టిగా చరిచింది. "చూసినవా? కత్తెర ఉన్నది!" ఆమె ఇంక ఏ మాటా చెప్పలేదు, అన్ని తరగతులకూ ఆ ఫిల్ము పట్టుకుని తిరిగి చూపించింది. తెలుగు తరగతికి కూడా పోయింది.

చెప్పకు, చూపియ్యి అన్నది ఆమె మాట. విద్యార్థి ఎవరైనా లేచి గడగడా నిర్వచనం అప్పజెబితే, "మంచిగ చెప్పినవ్ గని చూపియ్యి" అనేది. ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో ఏదో సమావేశంలో మాట్లాడుతూ గిట్ల, గట్ల అందట. వెనక వరుసలో నవ్వారట. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు నవ్వించడానికే ఉండేవాడు కదా, ఆ అలవాటు. "అప్పుడు సమజైంది బిడ్డా. నోరిప్పితే నవ్వేటోళ్ల ముంగట, చేతుల ఉన్నది చూపియ్యాలె. చేతుల ఉన్నదాన్ని చూసి ఎవడు నవ్వడు" అనేది. ఆమె బాధపడుతూ చెప్పలేదు, పల్లీలు ఒలుచుకుంటూ చెప్పింది.

ఇక జీను సంగతి. ఇది నన్ను ఏడిపించింది. కాయ ప్రతి కణంలోనూ అసలు జీను ఉంటుంది, కానీ అందులో నడుమ నడుమ సంబంధం లేని మాటలుంటాయి, ఈస్టు దాన్ని చదువుకోలేదు. కాయకు కత్తెర అవసరమైనప్పుడు ఆ జీనుకు శుభ్రమైన నకలు ఒకటి రాసుకుంటుంది. మాకు కావలసింది ఆ నకలు. దాన్ని పట్టి పెంచితే, జెల్లు అనే జిగురుపలక మీద, అతినీలలోహిత దీపం కింద ఒక మెరిసే గీతగా కనిపించాలి. మా తండా నుంచి కాయలు తెచ్చాను, గీత లేదు. జనగామలో మేడం వాళ్ల చేలోంచి తెచ్చాం, గీత లేదు. మందులు మార్చాం, నీళ్లు మార్చాం, కరెంటు పోయినప్పుడల్లా ఐసు డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. దీపం వెలిగించిన ప్రతిసారీ గీత ఉండాల్సిన చోట చీకటి. కాయలో కత్తెర ఉంది, ఫిల్ము సాక్ష్యం. కత్తెర చేయమని చెప్పిన నకలు మాత్రం ఎక్కడా లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది.

ఈలోగా ప్రాజెక్టు ఇచ్చిన సంస్థ వాళ్లు మాట పంపారు: వచ్చే వేసవి సమీక్ష నాటికి జీను చేతిలో లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు, జీనును పెంచే యంత్రం హైదరాబాదు తీసుకుపోతారు. ఆ యంత్రం రొట్టెల పెట్టెంత ఉండేది. మానుకోట వంటి ఊళ్లో డిగ్రీ కాలేజీకి అలాంటిది రావడం అదే మొదలు, పోతే మళ్లీ రాదు. దానితోపాటు నా ఉద్యోగం, నా పరిశోధన డిగ్రీ కూడా పోతాయి. "పోతె పాయె, బీఎడ్ జెయ్యి" అన్నాడు బాపు, మా నాన్న. ఆయన తప్పేం లేదు, తండాలో ఎవరూ అంతదాకా చదవలేదు. యంత్రం పోతుందంటే మేడం మాత్రం మొదటిసారి నవ్వలేదు. పొద్దుటి రైల్లో కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది, పల్లీలతనితో తగాదా కూడా పెట్టుకోలేదు.

ఆ శ్రావణంలోనే మా తండాలో తీజ్ పండుగకు ఆమె వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలం బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, రోజూ నీళ్లు పోసి పాటలు పాడతాం. ఆమె నా బుట్టను చూసి "ల్యాబుల గీత రాదు, ఇంటికాడ మొలకలు మాత్రం మంచిగ పెంచుతవ్" అని ఎగతాళి చేసింది. మేక కూర తిని, మా అమ్మ చేతులు పట్టుకుని, "అవ్వా, జర కాయలు కావాలె" అంది. అప్పటికింకా పండుకాయలు కొన్నే ఉన్నాయి. మా అమ్మ ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకుని చేనంతా తిరిగి, పసుపు తిరిగిన కాయలు ఒక్కొక్కటే ఏరి తెచ్చింది. "పచ్చియి ఎట్లిస్త మేడమ్? చుట్టానికి పిందెలు పెడితె ఇజ్జత్ పోతది" అంది. మేడం ఆ మాటకు మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఇద్దరం ఎంత చదువుకున్నాం! ఆ మాట చెవినపడ్డా మాకు ఏమీ తట్టలేదు.

అవి ఉద్యమం రోజులు. రాష్ట్రం కోసం జిల్లాలన్నీ సమ్మెలోకి దిగాయి. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, మా కాలేజీలో పాఠాలూ లేవు, ఉన్నంతలో మేం ల్యాబు తెరిచి పెట్టుకున్నాం. ఒకరోజు ఉదయం మేడం వాళ్ల చేలో కొత్తగా ఏరిన కాయలు, ముక్కలను ఉన్నదున్నట్టు పట్టి నిలిపే మందు సీసాలు డబ్బాలో పెట్టుకుని, రాత్రి వాళ్లింట్లోనే ఆగిన నేను, మేడం జనగామ నుంచి పాసింజరులో మానుకోటకు బయలుదేరాం. కేసముద్రంలో రైలు ఆగింది. కదల్లేదు. ముందు పట్టాల మీద జనం. డప్పులు, పాటలు, పట్టాల నడుమే మూడు పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటావార్పు. ఎక్కడ అడ్డుకుంటే అక్కడే వండుకుని తినడం, అది ఆ రోజుల్లో మా నిరసన. రైల్లోంచి కొందరు విసుక్కున్నారు. కిటికీ దగ్గరికి ఒకామె వచ్చి, "రైల్ల కూసుండి ఏం జేస్తరక్కా? దిగుండ్రి, కూరగాయలు కోద్దురు రాండ్రి" అని పిలిచింది. మేడంకు అంతకంటే ఏం కావాలి? కుచ్చిళ్లు ఇంకో పిసరు పైకి దోపి, డబ్బా నా చేతికిచ్చి దిగింది.

మార్కెట్ యార్డుకు వచ్చిన రైతెవరో పప్పులోకి బుడమకాయలు బస్తా ఇచ్చి పోయాడట. ఆడవాళ్లంతా కంకర మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. నేనూ కత్తిపీట ముందేసుకున్నాను. నినాదం వినిపించినప్పుడల్లా మేడం కూడా కాయ పట్టుకున్న చేయి పైకెత్తి "జై తెలంగాణ!" అని అరిచి మళ్లీ కోయడంలో పడేది. కాసేపటికి ఆమె కోయడం ఆపి నా చేతుల వంక చూడటం గమనించాను.

"ఏం జేస్తున్నవ్ కౌసల్యా?"

"కాయలు కోస్తున్న."

"అదిగాదు. ఎడమ చేత్తోని ఏం జేస్తున్నవ్?"

చూసుకున్నాను. బస్తాలోంచి తీసిన గుప్పెడులో పిందెలను ఎడమచేయి దానంతటదే పక్కకు నెడుతోంది. నా పక్కనున్నవాళ్ల చేతులూ అదే పని చేస్తున్నాయి. మా అందరి నడుమ పారేయడానికి పిందెల కుప్ప ఒకటి లేచింది.

"పిందెలు మేడం. చేదుంటయి. పప్పుల పడితె పాడైతది."

"మన డబ్బాలకు తెంపినప్పుడు?"

"అప్పుడు గంతే. మా యాడి అసలు పిందె తెంపనియ్యది. మీ వదినె గూడ పొద్దున మంచియే ఏరి ఇచ్చింది గద."

మేడం కత్తి కింద పెట్టింది. డప్పుల మోతలో కూడా ఆమె నవ్వు వినిపించింది. నవ్వంటే నవ్వు కాదు, కళ్లలో నీళ్లు తిరిగి కొంగుతో తుడుచుకుంటోంది. "ఓ బిడ్డా! లగ్గమైపోయిన ఇంటికి పోయి లగ్గపత్రిక ఏదని అడుగుతున్నం గదనే! పందిరి పీకిండ్రు, చుట్టాలు పోయిండ్రు, గా పత్రిక ఎవడు దాస్తడు? కత్తెరలు చేసుడు అయిపోయినంక కాయకు గా నకలెందుకు? పిందెల ఉంటది! పిందెల రాసుకుంటది, పండుల పనిచేస్తది!"

"ఎవరి లగ్గమక్కా?" అంది పక్కనామె ఆశ్చర్యపోయి.

"బుడంకాయ లగ్గం!" అంది మేడం. "గీ పిందెలన్ని నాకియ్యుండ్రి, మీకు దండం పెడత."

"పారేసేటియే గద, తీస్కపోండ్రి. మరి లగ్గానికి మమ్ముల పిలుస్తరా?"

అందరూ నవ్వారు. మేం రెండు వారాలైనా నిండని పిందెలను వేరుచేసి, అప్పటికప్పుడు పలచగా కోసి, మందు సీసాల్లో వేశాం. మేడం సీసా మూత బిగిస్తూ, ఏమీ తేలకముందే నా నుదుటి మీద ముద్దు పెట్టింది. డబ్బాలోని పండుకాయలు పప్పులోకి పోయాయి. పట్టాల మీద కూర్చుని అందరితో కలిసి ఆ పప్పు తిన్నాం. అంత మంచి పప్పు నేను మళ్లీ తినలేదు. రైలు సాయంత్రం దాకా కదలదని తెలిసి, మానుకోట వైపు పోయే ట్రాక్టరెక్కాం. ట్రాలీ నిండా జెండాలు, పాడేవాళ్లు, నడుమ ఐసు డబ్బాను చంటిపిల్లలా పట్టుకుని నేను.

మర్నాడు మధ్యాహ్నం దీపం వెలిగించాం. చీకట్లో ఒకే ఒక గీత. సన్నగా, సూటిగా, ఉండాల్సిన చోటే ఉంది. మేడం మెల్లగా, "కౌసల్యా, మీ అవ్వకు ఫోన్ జెయ్యి. పిందెలు పెట్టినా ఇజ్జత్ పోలేదని చెప్పు" అంది. నేను ఏడ్చేశాను, సిగ్గుపడకుండా.

తర్వాత పనులన్నీ నడిచాయి. జీను అక్షరాలు చదివించాం. ఈస్టులో పెట్టాం. అది ఎన్నోసార్లు మొరాయించి, చివరికి కత్తెరలు చేయడం మొదలుపెట్టింది. ఏ వేడిలో బాగా పనిచేస్తుంది, సబ్బునీళ్లలో నిలుస్తుందా లేదా అని చూశాం, నిలిచింది. వేసవిలో హైదరాబాదులో సమీక్ష. పెద్ద బల్ల చుట్టూ పెద్దవాళ్లు. మాట్లాడాల్సింది నువ్వే అంది మేడం. పుస్తకాల తెలుగులో నడుమ నడుమ ఇంగ్లీషు కలిపి రాసుకుని, రాత్రింబవళ్లు అభ్యాసం చేసి పోయాను. సగం దాకా బాగానే సాగింది. ఒకాయన అడ్డుకుని ఏదో అడిగాడు. కంగారులో "గీ పిందెల ఉంటది సార్" అనేశాను. బల్లకు ఆ చివర ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, నాకున్న మూడు భాషలూ ఒక్కసారే పారిపోయాయి. గోడ పక్క కుర్చీలోంచి మేడం గొంతు వినిపించింది. పెద్దగా కాదు, ల్యాబులో మాట్లాడినట్టే.

"బిడ్డా, చెప్పకు. చూపియ్యి."

సంచీలోంచి ఎక్స్‌రే ఫిల్ము తీశాను. ఈస్టు చేసిన కత్తెర ఒక చుక్క, మరగబెట్టింది ఒక చుక్క వేశాను. ఆ గదిలో అందరూ ఊరికే ఎదురుచూశారు. ఎవరూ నవ్వలేదు. నేను నీళ్లతో కడిగి కిటికీకేసి పట్టుకున్నాను. ఎముకల నడుమ నలుపులో గుండ్రటి తెలుపు, దాంట్లోంచి హైదరాబాదు ఎండ. అప్పుడు నోరు తెరుచుకుంది, మా మాటే వచ్చింది. పిందెలు ఎందుకు కావాలో, మా తండాలో వాటిని ఎందుకు తెంపరో, పట్టాల మీద ఏం జరిగిందో, అన్నీ గిట్ల గట్ల అంటూనే చెప్పాను. కిసుక్కుమన్నాయన లేచి నా దగ్గరికి వచ్చి, "ఆ పత్రిక మాట ఇంకోసారి చెప్పమ్మా" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగా అడిగాడు. చెప్పాను. ఈసారి అందరం కలిసి నవ్వాం. యంత్రం మానుకోటలోనే ఉంది. నా డిగ్రీ నాకు వచ్చింది. మా కత్తెరతో పెద్ద వ్యాపారం జరిగిందని గొప్పలు పోను. ఒక చిన్న సబ్బుపొడి కంపెనీ వాడిచూస్తామని తీసుకుంది, చల్లనీళ్లలో మరకలు బాగా పోతున్నాయని చెప్పింది, అక్కడితో సరి. మేడంకు అదే ఎక్కువ. తన చీరకు అంటిన కూర మరకను దానితోనే ఉతికి ఊరందరికీ చూపించింది.

రాష్ట్రం వచ్చిన రోజు ల్యాబులో బీకర్లు కడిగి టీ పోసింది, నేను వద్దన్నా వినలేదు. మా అమ్మ మేక కూర పంపింది, ఒరుగులేసి. ఆ తర్వాత జిల్లాలు విడిపోయాయి, అప్పటి ఒక్క వరంగల్ జిల్లా కాస్తా ఇన్ని అయింది. జనగామ మేడంది, మానుకోట నాది, భూపాలపల్లిలో నాకు ఉద్యోగం. "ఒక్క జిల్లాల ఉన్నోళ్లం మూడు జిల్లాలోళ్లమైనం, వీసా తీస్కొని రావాల్నా?" అని ఫోనులో ఎగతాళి చేసేది. రిటైరయ్యాక వాళ్ల చేలో ఒక మూల కలుపు తీయనివ్వకుండా బుడమ తీగలు పెంచింది. వదినెతో ఆ విషయమై రోజూ తగాదా. రెండు వానాకాలాల కింద, అదే చేనుకు పోయి వచ్చి, అన్నం తిని పడుకుని, ఇక లేవలేదు. ఆ తీగల్ని ఇప్పుడు ఆ వదినెగారే పీకనివ్వడం లేదట.

మొన్న అవ్వ దగ్గర కాయలు కొన్న మర్నాడు, తరగతిలో పిల్లల్ని చేలల్లోంచి బుడమకాయలు తెమ్మన్నాను. సంచులు విప్పితే అన్నీ పసుపు తిరిగినవే, ఒక్కొక్కటి ముద్దొచ్చేలా ఉన్నాయి. "పిందెలేవీ?" అన్నాను. "మీకు పిందెలు ఎట్ల తెస్తం మేడమ్?" అని ఒక అమ్మాయి నొచ్చుకుంది. నవ్వు వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే, పక్క గది లెక్చరరు తొంగిచూశాడు.

నిజం చెప్పాలంటే ఆమె చెప్పిన మాటల్లో చాలావాటిని నేను మరిచిపోయాను. రాసిపెట్టుకోలేదు. ఈ మధ్య గొంతు కూడా సరిగా గుర్తురావడం లేదు, నవ్వు ఒక్కటే వినిపిస్తుంది. మొదట్లో దిగులుపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. పండిన కాయలో నకలు కోసం మేం ఎంత వెతికాం, దొరికిందా? కానీ అదే కాయ రసం ఒక చుక్క వేస్తే ఫిల్ము మీద నలుపు తొలగి వెలుతురు వచ్చింది. నేను పిందెగా ఉన్నప్పుడు ఆమె నాలో ఏమేం రాసిందో నాకు తెలియదు. పొద్దున తరగతిలోకి అడుగుపెట్టి, భయంతో నోరు పెగలని పిల్ల ముందు ఫిల్ము, చుక్క పెట్టి "చెప్పకు, చూపియ్యి" అన్నప్పుడు మాత్రం అది పనిచేయడం నాకు తెలుస్తుంది.

రేపు పిల్లల్ని నేనే చేలోకి తీసుకుపోతున్నాను. ఎండెక్కకముందే పిందెలు తెంపాలి.